తొందరగా నడిచిన బిడ్డ, నిదానంగా నడిచిన బిడ్డ

(పటేల్‌గూడలో పాల సంఘం సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



లెక్కల తనిఖీకి వచ్చినవాళ్ళు పసిపిల్లల గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. కార్యదర్శిగారు మమ్మల్ని దాణా గురించి, నిల్వనిధి గురించి మాట్లాడమన్నారు. ఆ రెండూ మహాజన సభలో చెప్పుకుందాం. ఈ రోజు ఈ సంగతి ఎత్తుకోవడానికి కారణం పాల కేంద్రాలే. తనిఖీకి ఏ ఊరు వెళ్ళినా, పొద్దున వరుసలో నిలబడిన అక్కలు మాట్లాడుకునే మాటల్లో సగం పిల్లల మాటలే. "మా మనుమడు తొమ్మిదో నెలకే నడిచిండు" అని ఒకరంటే, "మా పిల్ల ఎనిమిదో నెలల్నే తాత అంటున్నది" అని ఇంకొకరు. ఆ పక్కనే, ఏడాది దాటినా అడుగు వేయని బిడ్డను చంకన వేసుకున్న కోడలు చీటీ తీసుకుని మాట లేకుండా వెళ్ళిపోతుంది. ఆ రోజు ఫ్యాట్ ఎంత పడిందో కూడా చూసుకోదు. ఫ్యాట్ చూసుకోకుండా వెళ్ళే పాల సభ్యురాలు ఉన్నదంటే మనసులో ఎంత బాధ ఉండాలో మీరే ఆలోచించండి.

మేము చదివినది సహకార డిప్లొమా. పిల్లల వైద్యం మా చదువు కాదు. అయినా వైద్యులు, పోషకాహార శాస్త్రజ్ఞులు తేల్చి చెప్పిన సంగతులను మన పాల లెక్కలో చెప్తే మీకు సులువుగా పట్టుబడుతుందని మా నమ్మకం. అందుకే ఈ ప్రయత్నం.

ముందుగా మన పెద్దల సంగతి చూద్దాం. బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు పంచాలన్నారు. కూర్చుంటే కుడుములు, అడుగులు వేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు అన్నారు. ఊరూరికీ వంటకం కొంచెం మారుతుందేమో గాని ఆచారం ఒకటే. ఇందులో ఒక విశేషం గమనించండి. ఏ నెలలో బోర్లా పడాలో, ఏ నెలలో నడవాలో ఎక్కడా చెప్పలేదు. బిడ్డ ఎప్పుడు అడుగు వేస్తే అప్పుడే అరిసెలు. పక్కింటి పిల్లగాని కంటే ముందు వేసినందుకు రెండు అరిసెలు ఎక్కువ అని లేదు. పంచుకోవడానికి పెట్టిన పండుగ అది. మనం దాన్ని పందెం చేసుకున్నాం.

నెలల లెక్క కావాలంటే అదీ ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 5 దేశాలలో 816 మంది పిల్లలను మళ్ళీ మళ్ళీ పరిశీలించి 2006లో ఒక లెక్క ప్రచురించారు. ఆ దేశాలు ఘనా, నార్వే, ఒమన్, అమెరికా, మన భారతదేశం. మన దేశం నుంచి ఢిల్లీ పిల్లలను తీసుకున్నారు. అందరూ తల్లిపాలు తాగి, తిండికి లోటు లేని ఇళ్ళలో పెరిగిన ఆరోగ్యవంతులైన పిల్లలే. వారిలో ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలల నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా వచ్చింది. చేతులు మోకాళ్ళ మీద పాకడం 5.2 నుంచి 13.5 నెలల మధ్య. ఏమీ పట్టుకోకుండా నిలబడటం 6.9 నుంచి 16.9 నెలల మధ్య. ఒంటరిగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య. సగం మంది 12 నెలలకు అటూ ఇటుగా నడిచారు. నూటికి నలుగురు చేతులు మోకాళ్ళ మీద అసలు పాకనే లేదు.

మొదటి నడకకూ చివరి నడకకూ మధ్య 9 నెలలకు పైగా తేడా ఉన్నది చూశారా? ఎనిమిది నెలలు దాటగానే నడిచిన బిడ్డ, పదిహేడు నెలలకు నడిచిన బిడ్డ, ఇద్దరూ ఆ లెక్కలో ఆరోగ్యవంతులైన పిల్లలే. మన దగ్గర మొదటి బిడ్డకు అరిసెలు దొరుకుతాయి, రెండో బిడ్డ తల్లికి సూటిపోటి మాటలు దొరుకుతాయి.

తొందరగా నడిచిన పిల్లలు పెద్దయ్యాక తెలివిగలవాళ్ళు అవుతారా? అందరూ అడిగే ప్రశ్న ఇదే. స్విట్జర్లాండులో జ్యూరిచ్ నగరంలో ఆరోగ్యంగా పుట్టిన రెండు వందల మందికి పైగా పిల్లలను పుట్టినప్పటి నుంచి బడి వయసు దాటేదాకా పరిశీలించి, 2013లో ఫలితం చెప్పారు. ఆరోగ్యవంతులైన పిల్లలలో ఏ నెలలో కూర్చున్నారు, ఏ నెలలో నడిచారు అన్నదానికీ, తరువాతి తెలివితేటలకూ సంబంధం కనిపించలేదు. ఆటలలో చురుకుదనానికి కూడా సంబంధం కనిపించలేదు. మీ ఊరిలోనే చూడండి. ఇవాళ పాశమైలారం కంపెనీల్లో యంత్రాలు నడిపేవాళ్ళు, ఇక్రిశాట్ పొలాల్లో పని చేసేవాళ్ళు, ట్రాక్టరు తోలేవాళ్ళు ఎవరు ఏ నెలలో నడిచారో వాళ్ళ తల్లులకు తప్ప ఎవరికైనా తెలుస్తుందా? తల్లులకు కూడా ఇప్పుడు సరిగా గుర్తుండదు.

దూడ పుట్టిన గంట రెండు గంటల్లో లేచి నిలబడి పొదుగు వెతుక్కుంటుంది. మనం దూడలను చూసీ చూసీ, లేవడమే బలమనుకుంటాం. మనిషి బిడ్డ సంగతి వేరు. పుట్టినప్పుడు బిడ్డ మెదడు పెద్దవారి మెదడులో నాలుగో వంతుకు కొంచెం ఎక్కువ ఉంటుంది. రెండేళ్ళు నిండేసరికి నాలుగింట మూడొంతులకు చేరుతుంది. అంటే ఈ రెండేళ్ళూ లోపల పెద్ద కట్టుబడి జరుగుతున్నది. కాళ్ళు దానిలో ఒక గది మాత్రమే.

మన లెక్కలో చెప్తాము. పాలకు ధర కట్టేటప్పుడు ఫ్యాట్ ఒక్కటే చూసి ఊరుకుంటామా? ఎస్.ఎన్.ఎఫ్. కూడా చూస్తాం. ఫ్యాట్ బాగా వచ్చి ఎస్.ఎన్.ఎఫ్. పడిపోతే పాలలో ఏదో తేడా ఉందని తెలుస్తుంది. బిడ్డకు కూడా వైద్యులు నాలుగు పద్దులు చూస్తారు. మొదటిది మెడ నిలపడం, కూర్చోవడం, నడవడం. రెండోది చేతి వేళ్ళ పని, బొటనవేలితో చూపుడువేలితో మరమరం గింజ పట్టుకోవడం వంటిది. మూడోది వినడం, మాట్లాడటం. నాలుగోది మనుషులను గుర్తుపట్టడం, నవ్వితే నవ్వడం, దాగుడుమూతలకు కేరింతలు కొట్టడం. మనం మొదటి పద్దు ఒక్కటే చూసి బిల్లు చేసేస్తున్నాం.

మొదటి పద్దు ఒక్కటే చూసినందువల్ల జరిగిన నష్టం ఒకటి మేము దగ్గరగా చూశాము. మా పరిధిలోని ఒక గ్రామం. పేరు చెప్పము. ఆ ఇంటి పిల్లవాడు పదో నెలకే నడిచాడు. నాయనమ్మ వాడకట్టంతా అరిసెలు పంచింది. మాకు కూడా పెట్టింది. రెండేళ్ళు దగ్గరకు వచ్చినా ఒక్క మాట రాలేదు. "మగపిల్లలకు మాట ఆలస్యమే, వాళ్ళ నాయనకు కూడ గట్లనే వచ్చింది" అన్నారు. తలుపు దబ్బున వేస్తే తిరిగి చూసేవాడు గనుక వినపడుతున్నదనుకున్నారు. తలుపు అదురు కాళ్ళకు తెలుస్తుందని ఎవరికీ తోచలేదు. రెండున్నరేళ్ళకు పరీక్ష చేయిస్తే రెండు చెవులూ వినపడటం లేదని తేలింది. మొదటి ఏడాదిలోనే తెచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు చెప్పారట. మాట నేర్చుకునే పదును మొదటి రెండు మూడేళ్ళలోనే ఎక్కువ. ఆ పిల్లవాడికి ఇప్పుడు చెవికి యంత్రం పెట్టి మాట నేర్పిస్తున్నారు. తల్లి వారానికి రెండు పూటలు పాలు పోయడం మానుకుని బస్సెక్కి తీసుకుపోతున్నది. నడక ముందుగా వచ్చినందువల్ల మాట గురించి ఎవరూ అడగలేదు. అదీ జరిగింది.

తొందర అన్నింటా మంచి గుర్తే అనుకోవడం కూడా సరికాదు. కొందరు పసిపిల్లలు మూడు నెలలు నిండకముందే దభీమని బోర్లా పడతారు. పట్టుకుని నిలబెడితే కాళ్ళు కర్రల్లా బిగించి మునివేళ్ళ మీద నిలబడతారు. ఇంట్లోవాళ్ళు "ఇప్పుడే నిలబడుతున్నడు" అని సంబరపడతారు. మంచిదే కావచ్చు. కాని కండరాలు బిగుసుకునే జబ్బు ఉన్న పిల్లలు కూడా అట్లాగే చేస్తారు. బిడ్డ ఒళ్ళు ఎప్పుడూ బిగదీసినట్టు ఉంటే, తొడలు విడదీసి గుడ్డ కట్టడం కష్టంగా ఉంటే వైద్యునికి చూపించాలి. ఇంకొకటి, ఏడాది నిండకముందే బిడ్డ ఎప్పుడూ ఒక చేత్తోనే అందుకుంటే "అప్పుడే కుడిచేతివాటం తెలిసింది" అని మురిసిపోకండి. ఆ వయసులో రెండు చేతులూ సమానంగా వాడాలి. ఒక్కటే వాడుతున్నదంటే రెండో చేతిలో బలం తక్కువేమో చూడాలి. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుని ఇంటికి వెళ్ళినా మేము వచ్చినందుకు ఫలితం దక్కినట్టే.

పిల్లలు కొందరు ముందుగా, కొందరు వెనుకగా ఎందుకు చేస్తారు? కొంత వంశాన్ని బట్టి, కొంత ఒంటి తీరును బట్టి. బొద్దుగా ఉన్న బిడ్డ కంటే సన్నగా ఉన్న బిడ్డ ముందు లేవవచ్చు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు పుట్టిన రోజు నుంచి లెక్కపెట్టకూడదు, పుట్టవలసిన రోజు నుంచి లెక్కపెట్టాలి. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డ ఏడాదికి పది నెలల బిడ్డ చేసే పనులు చేస్తే సరిపోతుంది. రెండేళ్ళ దాకా ఈ లెక్కే. ఇది తెలియక కోడళ్ళను సతాయించిన ఇళ్ళు ఎన్నో.

వీటన్నింటికంటే అలవాటు, అవకాశం పెద్దవి. ఆఫ్రికాలో కెన్యా దేశంలో కిప్సిగిస్ అనే జనం ఉన్నారు. మనలాగే పశువులు, పాలు వాళ్ళకు ప్రాణం. వాళ్ళ పిల్లలు అమెరికా పిల్లల కంటే సుమారు ఒక నెల ముందే కూర్చుంటారు, నడుస్తారు. చార్లెస్ సూపర్ అనే పరిశోధకుడు వాళ్ళ మధ్య ఉండి కారణం వెతికి 1976లో రాశాడు. ఆ తల్లులు బిడ్డకు కూర్చోవడం నేర్పుతారు. నేలలో చిన్న గుంట తీసి, నడుముకు ఆసరా దొరికేట్టు అందులో కూర్చోబెడతారు. చంకల కింద చేతులు పెట్టి రోజూ అడుగులు వేయిస్తారు. పాకడం మాత్రం పనిగట్టుకుని నేర్పరు. అందువల్ల పాకడంలో ఆ పిల్లలు ముందు లేరు! దక్షిణ అమెరికాలో పరాగ్వే అడవుల్లో తిరిగిన అచే అనే జనం, పాములకు, ముళ్ళకు భయపడి పిల్లలను కింద వదిలేవారు కాదు. వాళ్ళ పిల్లలు దాదాపు రెండేళ్ళకు గాని నడిచేవారు కాదట. నడిచాక చెట్లెక్కడంలో ఎవరికీ తీసిపోయేవారు కాదు.

మన వాళ్ళు కాళ్ళ మీద పడుకోబెట్టి నూనె రాసి, కాళ్ళూ చేతులూ సాగదీసి నీళ్ళు పోయడం కూడా ఇటువంటిదే. మంచి అలవాటు. గట్టిగా పిసకకుండా, ముక్కులో చెవుల్లో నూనె పోయకుండా చేస్తే చాలు. అందులో నూనె కంటే, పోసే అవ్వ బిడ్డతో మాట్లాడే మాటలకు విలువ ఎక్కువని మేమంటాము.

ఇక మన పటేల్‌గూడ, అమీన్‌పూర్, పటాన్‌చెరు చుట్టుపట్ల సంగతి. పొలాలు ప్లాట్లయ్యాయి. బర్రెలు మేసిన చోట ఇళ్ళు లేచాయి. మగవాళ్ళు షిఫ్టుకు, ఆడవాళ్ళు కూడా కంపెనీకి వెళ్తున్నారు. బిడ్డ ఒంటి గదిలో నాయనమ్మ దగ్గర ఉంటుంది. నాయనమ్మకు బర్రె పని, గడ్డి పని, పాలు పోసే పని. బిడ్డను కింద వదిలితే గడప దాటుతుందని, గడప దాటితే రోడ్డేనని భయం. అందుకని తొట్టెలలో వేసి ఊపడమో, వాకర్‌లో కూర్చోబెట్టడమో, ఫోను చేతికివ్వడమో చేస్తున్నారు. తప్పు పట్టడం లేదు. పని చేసుకునే ఇంట్లో అది కూడా ఒక ఉపాయమే. అయితే దానివల్ల ఏం జరుగుతుందో తెలుసుకోవాలి.

వాకర్ కొంటే బిడ్డ తొందరగా నడుస్తుందని అంగట్లో చెప్తారు. నిజం దీనికి తలకిందులు. వాకర్‌లో ఎక్కువసేపు ఉన్న పిల్లలు కూర్చోవడంలో, పాకడంలో, నడవడంలో వెనుకబడినట్టు పరిశోధనల్లో తేలింది. బిడ్డ బరువు గుడ్డ మీద ఉంటుంది, మునివేళ్ళతో నేలను తన్నుతుంది. నడుము బలం ఎక్కడి నుంచి వస్తుంది? పైగా చక్రాలున్న ఆ బండి మెట్ల దగ్గరకు, పొయ్యి దగ్గరకు, నీళ్ళ బకెట్ దగ్గరకు నిమిషంలో చేరుతుంది. కెనడా దేశంలో 2004 ఏప్రిల్‌లో వాకర్ల అమ్మకం పూర్తిగా నిషేధించారు. మన తాతల కాలపు మూడు చక్రాల చెక్కబండి వేరు. అది బిడ్డ తన కాళ్ళ మీద తాను నిలబడి నెట్టుకుంటూ పోయేది. అది ఇంట్లో ఉంటే దాచుకోండి.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకొక మాట చెప్పింది. పసిబిడ్డను తొట్టెలలోగాని, బండిలోగాని, వీపున కట్టిగాని ఒక్క బిగిన గంటకు మించి కదలకుండా ఉంచరాదు. ఇంకా పాకడం, నడక రాని బిడ్డను రోజుకు అరగంటైనా, విడతలు విడతలుగా, మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టి పక్కన ఉండి ఆడించాలి. రెండేళ్ళలోపు పిల్లలకు ఫోను, టీవీ వద్దు. నేల మీద ఒక చాప, మూత గట్టిగా ఉన్న డబ్బాలో నాలుగు గింజలు, ఒక గిన్నె, ఒక గరిటె, గడపకు అడ్డంగా ఒక పలక. దీనికి పది రూపాయలు కూడా కాదు. బర్రె పాలు పితికేటప్పుడు బిడ్డ కనిపించే చోట చాప వేసి, "ఇదిగో గంగ తోక ఊపుతున్నది చూడు" అని మాట కలపండి. మీ పని ఆగదు, బిడ్డ పనీ ఆగదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 60 గ్రామాలను తీసుకుని మూడు భాగాలు చేశారు. మొత్తం 600 మంది తల్లీబిడ్డలు. ఇరవై గ్రామాల్లో మామూలుగా అంగన్‌వాడీ సేవలే. ఇంకో ఇరవై గ్రామాల్లో ఏ నెలలో ఏ తిండి పెట్టాలో, ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపి చెప్పించారు. మిగిలిన ఇరవై గ్రామాల్లో తిండితో పాటు, బిడ్డ ఆకలి సైగ గుర్తుపట్టి ఎట్లా తినిపించాలో, ఎట్లా ఆడించాలో, ఎట్లా మాట్లాడాలో కూడా చెప్పించారు. మూడో నెల నుంచి పదిహేనో నెల వరకు ఇది సాగింది. పదిహేనో నెలలో చూస్తే, ఆట మాట కలిపిన గ్రామాల పిల్లలకు మానసిక వికాసం పరీక్షలో మార్కులు ఎక్కువ వచ్చాయి. 2013లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. నేర్పినవాళ్ళు ఊరి ఆడవాళ్ళే, నేర్చుకున్నవాళ్ళు మీవంటి తల్లులే.

ఇప్పుడు మన సొంత సరుకు గురించి చెప్పాలి. పాల సంఘం సమావేశంలో ఈ మాట చెప్పడం కొందరికి రుచించకపోవచ్చు. బర్రెపాలు పోస్తే బిడ్డ తొందరగా బలపడుతుంది, తొందరగా లేస్తుంది అని మూడో నెలకే మొదలుపెట్టే ఇళ్ళు మన సభ్యులలోనే ఉన్నాయి. దయచేసి మానుకోండి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఏమీ వద్దు, నీళ్ళు కూడా వద్దు. బర్రెపాలు దూడ కోసం తయారైనవి. దూడ కొన్ని నెలల్లో పశువు కావాలి, అందుకు తగిన మాంసకృత్తులు, ఉప్పులు అందులో ఉన్నాయి. పసిబిడ్డ మూత్రపిండాలకు అది బరువు. రక్తానికి కావలసిన ఇనుము అందులో చాలా తక్కువ. ఇనుము తక్కువైతే రక్తహీనత వస్తుంది, బిడ్డ మందకొడిగా ఉంటుంది, నేర్చుకోవడం తగ్గుతుంది. బలం కోసం పోసిన పాలు బలాన్నే తీస్తాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 6 నెలల నుంచి 59 నెలల పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. నూటికి డెబ్బై అంటే మీ వాడకట్టులో ఎంతమందో లెక్క వేసుకోండి.

ఆరు నెలలు నిండగానే తల్లిపాలతో పాటు మెత్తని తిండి మొదలుపెట్టాలి. పప్పు కలిపిన బువ్వ, తైదల జావ, ఆకుకూర, గుడ్డు, కొంచెం నెయ్యి. జావలో కాచిన పాలు కొంచెం కలిపితే తప్పులేదు, తల్లిపాలకు బదులు మాత్రం కాదు. ఏడాది దాటాక పాలు పోయండి. అదీ రోజుకు అరలీటరు దాటనీయకండి, పాలతోనే కడుపు నిండితే బువ్వ తినదు. అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి మూడేళ్ళ వరకు బాలామృతం ఇస్తారు. గోధుమ, శనగపప్పుతో పాటు అందులో పాలపొడి కూడా ఉంటుంది. దాన్ని తెచ్చి దాణాలో కలిపి బర్రెకు పెట్టిన ఇళ్ళను మేము చూశాము. బర్రెకు దాణా సంఘంలో దొరుకుతుంది, మేము చూసుకుంటాము. బాలామృతం బిడ్డకు పెట్టండి. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 1 మిల్లీలీటరు, మరవకుండా వేయండి.

ఏడాది దాటిన బిడ్డకు పాలు కావాలన్నాము కదా. ఇక్కడ మనకు ఇంకో తప్పు అలవాటు. ఉన్న పాలన్నీ క్యానులో పోసి, ఇంటికి టీకి పావులీటరు ఉంచి, బిడ్డకు ఆ టీలోనే బిస్కెట్టు ముంచి పెట్టడం. టీ నీళ్ళు బిడ్డ ఒంట్లో ఇనుమును ఇంకనీయవు. సంఘం మీ పాలు కొనడానికే ఉన్నది, బిడ్డ నోటి దగ్గరివి లాక్కోవడానికి కాదు. గ్లాసు పాలు ఇంట్లో ఉంచినందుకు బిల్లులో తగ్గే రూపాయలు ఎన్నో కార్యదర్శిగారు లెక్కకట్టి చెప్పగలరు. డాక్టరు బిల్లు లెక్క ఆయనకు కూడా తెలియదు.

తొందర గురించి ఇంతసేపు చెప్పాము. ఆలస్యం గురించి కూడా గట్టిగా చెప్పక తప్పదు, ఎందుకంటే "నిదానంగా వస్తది లే" అని ఏళ్ళు గడిపేయడం పందెం కంటే ప్రమాదం. నాలుగైదు నెలలకు మెడ నిలపకపోతే, తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోలేకపోతే, పద్దెనిమిది నెలలకు నడవకపోతే చూపించాలి. వెనుక నుంచి పిలిస్తే తిరగకపోతే, ఏడాదికి బాబ్బా మామ్మా అని శబ్దాలు కూడా లేకపోతే, ఏడాదిన్నరకు ఒక్క మాటైనా రాకపోతే, కళ్ళలోకి చూడకపోతే చూపించాలి. అన్నింటికంటే ముఖ్యం, వచ్చింది పోకూడదు. ముందు మాట్లాడి మానేసిన బిడ్డను, ముందు నడిచి ఇప్పుడు పడిపోతున్న బిడ్డను ఒక్క వారం కూడా ఆపకుండా తీసుకుపోవాలి. పాలిచ్చే బర్రె ఉన్నట్టుండి పాలు తగ్గిస్తే అదే రోజు పశువుల డాక్టరుకు ఫోను చేస్తారు కదా.

ఎక్కడికి పోవాలి? ముందు మీ ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరమ్మ. తల్లీబిడ్డల రక్షణ కార్డు మీ అందరి ఇళ్ళలో ఉన్నది. టీకాల పేజీ మాత్రమే చూస్తారు. లోపల బిడ్డ ఏ వయసుకు ఏం చేయాలో బొమ్మలతో ఉన్నది, చదువు రాకపోయినా తెలుస్తుంది. 2018 నుంచి ఆశా కార్యకర్తలు 3, 6, 9, 12, 15 నెలల్లో ఇంటికి వచ్చి బిడ్డ ఎదుగుదల చూసే పద్ధతి వచ్చింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, బడులకు వైద్య బృందాలు వచ్చి పిల్లలను 18 ఏళ్ళ వరకు పరీక్ష చేస్తాయి. అవసరమైతే జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతాయి. బుద్ధి ఎదుగుదల విషయానికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఉన్నది. చెవి, మాట విషయానికి అక్కడే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నది. పటాన్‌చెరు నుంచి పొద్దున పాలు పోసి బయలుదేరితే సాయంత్రం పాలకు తిరిగి రావచ్చు.

అత్తలకూ, మామలకూ, తండ్రులకూ ఒక మనవి. బిడ్డ ఆలస్యం తల్లి తప్పు కాదు. గ్రహణం చూసినందుకు, గర్భంతో ఏదో తిన్నందుకు అని నిందిస్తే ఆ తల్లి బిడ్డను నలుగురిలోకి తేవడం మానేస్తుంది. అట్లా దాచిన బిడ్డకే చికిత్స ఆలస్యమవుతుంది. పాలకవర్గ సభ్యులు కూడా వినాలి. మహిళా సభ్యులు పాలు పోసే వేళ కేంద్రం దగ్గర ఒక మూల నీడ, ఒక చాప, తాగే నీళ్ళు ఏర్పాటు చేయడానికి పెద్ద తీర్మానమేమీ అక్కర్లేదు. సాదర ఖర్చుల పద్దులో రాయండి, తనిఖీలో మేము అభ్యంతరం పెట్టము.

చివర ఒక ప్రశ్న వచ్చింది, చీటీ మీద రాసి పంపారు. పడ్డ తొందరగా ఎదకు వస్తే మంచిదే కదా, బిడ్డ తొందరగా నడిస్తే ఎందుకు కాదు అని. మంచి ప్రశ్న. పడ్డ ఎదకు వచ్చినంత మాత్రాన సూది వేయిస్తున్నామా? బరువు చూస్తాం, ఒళ్ళు చూస్తాం, చాలకపోతే తరువాతి ఎద దాకా ఆగుతాం. బిడ్డ తొందరగా నడిస్తే సంతోషించండి, అరిసెలు చేయండి, మాకూ రెండు పెట్టండి. ఆ తరువాత మిగిలిన మూడు పద్దులు కూడా చూడండి.

ఆశా కార్యకర్తతో, అంగన్‌వాడీ టీచరమ్మతో మాట్లాడాము. వచ్చే బిల్లు పంచే రోజు పొద్దున 7 గంటలకు వాళ్ళు పాల కేంద్రానికి వస్తామన్నారు. రెండేళ్ళలోపు బిడ్డ ఉన్న సభ్యులు రక్షణ కార్డు వెంట తెచ్చుకోండి. కార్డు పోగొట్టుకున్నవారు బిడ్డను తెస్తే చాలు. ఫ్యాట్ మిషను దగ్గర రద్దీ లేకుండా ముందు చిన్నపిల్లల తల్లుల పాలు తీసుకోవలసిందిగా టెస్టర్‌కు చెప్పి పెట్టాము.